నీళ్లకు ఎదురు

"నీళ్లకు ఎదురు పోదాం సార్" అన్నాడు ఆ అబ్బాయి. నేను వద్దన్నాను. వద్దన్నది కూడా లెక్కల పేరు చెప్పి. పదిహేనేళ్లు దాటింది. ఈ మాట నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకోవాలి.

2009 నవంబరులో ఒక శుక్రవారం. సౌదీ తూర్పు ప్రాంతంలో, దమ్మాం నుంచి దక్షిణంగా సుమారు నూటయాభై కిలోమీటర్ల దూరంలో అల్ అహ్సా ఒయాసిస్సు ఉంది. హుఫూఫ్ పట్నాన్ని ఆనుకుని ఖర్జూరం తోటలు, కనుచూపు మేర తోటలే. ఇరవై అయిదు లక్షల చెట్లంటారు. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మేం పోయిన నాటికి మాకు అవేవీ తెలియవు. సెలవు రోజని కంపెనీ బస్సు వేసింది, ఎక్కాం. అల్ ఖారా కొండ గుహలు చూపించి, తోటల పక్కన రోడ్డు మీద దింపి, సరిగ్గా నాలుగున్నరకు ఇదే చోట ఉండమన్నాడు డ్రైవరు.

నాతో ఉన్నది జగిత్యాల దగ్గరి పల్లెటూరి పిల్లవాడు. షట్టరింగ్ పని. నేను ఆఫీసులో కాగితాలు చూసేవాణ్ణి గనుక నన్ను "సార్" అనేవాడు, నేను "తమ్ముడూ" అనేవాణ్ణి. ఆ రోజు వాళ్లింట్లో తొట్టెల పండగ. ఇరవై ఒక్క రోజుల క్రితం కూతురు పుట్టింది. మన దేశం టైము సౌదీకి రెండున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి ఎనిమిదికి, అంటే ఇక్కడ అయిదున్నరకు, హుఫూఫ్‌లో ఏదో ఒక ఫోన్ కేబిన్ నుంచి మాట్లాడతానని ఇంట్లో చెప్పి పెట్టాడు. అన్న సెల్‌ఫోను పాప చెవి దగ్గర పెడతాడు, ఇతను ఇక్కణ్ణుంచి పేరు చెబుతాడు. వారం రోజుల నుంచీ అదే ముచ్చట.

తోటల్లోకి మేం కబుర్లలో పడి చాలా దూరం పోయాం. తిరుగుదామనుకునే సరికి ఎటు వచ్చామో తెలియలేదు. నా ఫోనులో చార్జింగు మధ్యాహ్నమే అయిపోయింది. అతని ఫోను క్యాంపులో మంచం మీద ఉంది. అప్పుడన్నాడు ఆ మాట.

"సార్, మనం వచ్చేటప్పుడు నీళ్లు మన ముంగటికే పోతుండె. ఎదురు పోతే పెద్ద కాల్వ తగుల్తది. దాని పొంటే రోడ్డుంటది."

వాళ్ల నాయన ఊళ్లో నీరటి. చెరువు తూము ఎత్తడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం ఆయన పని. ఈ పిల్లవాడు నడక నేర్చింది కాలువ గట్టు మీదే. నేను ఆ సంగతి తెలిసీ ఇలా అన్నాను: "ఎటు నడిచినా ఫరవాలేదు తమ్ముడూ. చదునైన నేల మీద దారీ తెన్నూ లేకుండా తిరిగేవాడు ఎప్పటికైనా బయల్దేరిన చోటికి వచ్చి తీరతాడు. ఇది లెక్కల్లో రుజువైన సంగతి."

అతను నా మొహం చూశాడు. "ఎన్ని గంటలకు సార్?" అని అడిగాడు.

నేను "వస్తాం పద" అన్నాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన సిద్ధాంతం అది. మేష్టార్లు యాదృచ్ఛిక నడక అనేవారు. ప్రతి కూడలిలోనూ బొమ్మా బొరుసూ వేసి ఎటు పడితే అటు అడుగు వేసేవాడు చివరికి ఏమవుతాడన్నది ప్రశ్న. ఈ ప్రశ్న పుట్టుకలో మన ఊరి పాత్ర కూడా కొంత ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ భవనం ఇప్పుడు ఆయన పేరుతో ఉస్మానియా కింద ఉంది. చదువుకునే రోజుల్లో దాని ముందు చాలాసార్లు నిలబడ్డాను. దోమే కారణమని తేలాక రాస్‌కు ఇంకో సందేహం వచ్చింది. ఒక గుంటలో పుట్టిన దోమ ఎటుపడితే అటు ఎగురుతూ పోతే చివరికి ఎంత దూరం చేరుతుంది? ఎంత మేర గుంటలు పూడిస్తే ఊరు బాగుపడుతుంది? 1904లో ఆయన దీని మీద ప్రసంగించాడు. మరుసటి ఏడాది కార్ల్ పియర్సన్ అదే రకం ప్రశ్నను ఒక మనిషి నడకగా మార్చి 'నేచర్' పత్రికలో అడిగాడు. ఈ నడకకు ఆ పేరు వచ్చింది ఆ ఉత్తరంతోనే.

1921లో జార్జ్ పోల్యా తేల్చాడు. నడక ఒకే వీధి మీదైనా, నిలువూ అడ్డమూ వీధులున్న పట్నంలోనైనా నడిచేవాడు బయల్దేరిన చోటికి తిరిగి రావడం ఖాయం. పైకీ కిందికీ కూడా కదలగలిగే మూడు దిక్కుల లోకంలో అయితే ఖాయం కాదు. అక్కడ తిరిగొచ్చే అవకాశం నూటికి ముప్పై నాలుగే. పోల్యాకు ఈ ఆలోచన ఎలా వచ్చిందో ఆయనే చెప్పుకున్నాడు. జ్యూరిక్‌లో ఉన్నప్పుడు అడవి దారుల్లో ఊరికే తిరుగుతుంటే ఒక విద్యార్థీ, అతను పెళ్లాడబోయే అమ్మాయీ ఎదురయ్యారు. కాసేపటికి మళ్లీ ఎదురయ్యారు. ఆ తర్వాత ఇంకోసారి. తానేదో వాళ్ల వెంట పడుతున్నాడని అనుకుంటారేమోనని ఆయనకు మొహమాటం వేసిందట. ఇలా మళ్లీ మళ్లీ కలవడం ఎంత సహజమని ఆలోచించి ఆ సిద్ధాంతం దాకా వెళ్లాడు.

ఆ మొహమాటం నాకు ఎంత ఇష్టమైనా అందులోని అసలు సంగతి ఆ రోజు నా బుర్రకు తట్టలేదు. ఆయనకు అదే జంట మళ్లీ మళ్లీ కనబడింది. మాకు చూసిన చోటు ఒక్కటీ మళ్లీ కనబడలేదు.

మూడు గంటలు నడిచాం. కాంక్రీటు కాలువలు మోకాలెత్తు గోడలతో తోటల మధ్య నుంచి పోతున్నాయి. అంచుల్లో పచ్చటి పాచి. చెట్ల కింద పశువుల మేతకు వేసిన బర్సీం మడులు. కొట్టేసిన మట్టల మొదళ్లు మెట్లు మెట్లుగా ఉన్న మానులు, ఎన్ని చూసినా అన్నీ ఒకటే. కాలువ ఒకచోట రెండుగా చీలేది. నేను ఏదో ఒక పాయ చూపించి "ఇటు" అనేవాణ్ణి. కాసేపటికి అదీ రెండయ్యేది. అక్కడా చూపించేవాణ్ణి. పోనుపోను కాలువ సన్నబడింది. మొదట్లో దూకి దాటాల్సిన కాలువ, తర్వాత పెద్ద అంగ వేస్తే దాటేంత, ఆఖరికి చెంబుతో తోడుకునేంత. ఆ సన్నబడడం ఆ పిల్లవాడు చూస్తూనే ఉన్నాడు. రెండోసారి అన్నాడు: "సార్, మనం తోక దిక్కు పోతున్నం." కాలువ చివరి పొలాలను వాళ్ల వైపు అలాగే అంటారు. నేను వినలేదు. మూడోసారి అనలేదు. ఆఫీసులో పనిచేసే సార్‌తో అంతకంటే ఎలా అంటాడు?

పొద్దుగూకింది. నాలుగు దిక్కుల నుంచీ మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఒక మడి గట్టు మీద లుంగీ కట్టుకున్న బంగ్లాదేశీ కూలీ పారతో మడవ తీస్తున్నాడు. రోడ్డెటు అని హిందీలో అడిగాను. అతను పార ఆపలేదు, గడ్డంతో కాలువ వైపు చూపించాడు. "పానీ కా ఉల్టా జావో భాయ్." నీళ్లకు ఎదురు పొమ్మన్నాడు. పక్కనున్న పిల్లవాడు నా వైపు చూడలేదు. తల దించుకుని ముందు నడిచాడు.

నీళ్లకు ఎదురు నడిచేవాడికి ఏ కూడలిలోనూ సందేహం ఉండదు. కిందికి పోతే దారి రెండవుతుంది, పైకి పోతే రెండు దారులు కలిసి ఒకటవుతాయి. లెక్కపెట్టాను, తొమ్మిది కూడళ్లు. అరగంట లోపు పెద్ద కాలువ, దాని పక్కన తారు రోడ్డు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ఒక పాకిస్తానీ డ్రైవరు పికప్ ఆపి వెనకాల ఎక్కించుకున్నాడు. హుఫూఫ్‌లో ఫోన్ కేబిన్ దొరికేసరికి రాత్రి ఎనిమిదిన్నర. జగిత్యాలలో పదకొండు.

అద్దం తలుపు అవతల అతను రిసీవరు చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. ఎక్కువ మాట్లాడలేదు. వింటున్నాడు. చూపుడు వేలుతో అద్దం మీద ఏదో గీస్తున్నాడు, చెరుపుతున్నాడు. బయటికి వచ్చి కౌంటరులో డబ్బులిచ్చాడు. "పేరు పెట్టిండ్రట సార్. మా నాయిన చెప్పిండట చెవుల. బిడ్డ పండుకున్నది" అన్నాడు. నన్నొక్క మాట అనలేదు.

ఆ రాత్రి క్యాంపులో నిద్ర పట్టలేదు. కాగితం తీశాను.

పోల్యా పట్నంలో తిరిగి రావడం ఖాయమే. కానీ ఎప్పుడు? పది లక్షల అడుగులు వేశాక కూడా ఇంచుమించు అయిదుగురిలో ఒకడు ఇంకా బయల్దేరిన చోటు చూసి ఉండడు. తిరిగి రావడానికి పట్టే సగటు కాలం లెక్క కడితే అది అనంతం. ఇది నాకు తెలియనిది కాదు, పరీక్షలో రాసినదే. "తప్పక వస్తాడు" అన్నది గుర్తు పెట్టుకుని "ఎప్పుడో తెలియదు" అన్నది వదిలేశాను. ఆ పిల్లవాడు అడిగింది సరిగ్గా ఆ రెండో సగమే. తొట్టెల వేళ ఒక్కటే ఉన్నవాడికి ఆ మొదటి సగం ఎందుకూ పనికిరాదు.

అసలు మేమున్నది పోల్యా పట్నంలో కానే కాదు. కాలువలు ఒక చెట్టు. పెద్ద కాలువ మాను, చిన్నవి కొమ్మలు, మడి దగ్గరి పాయలు రెమ్మలు. ప్రతి కూడలిలో మూడు దారులుంటే ఒకటే వెనక్కి, రెండు ముందుకి. బొమ్మా బొరుసూ నమ్ముకున్నవాడు మూడడుగుల్లో రెండు దూరంగానే వేస్తాడు. కొమ్మలకు అంతు లేని చెట్టయితే మూడు వందల అడుగుల్లో సుమారు వంద అడుగులు మొదటి నుంచి దూరమైపోతాడు. ఒక కూడలి అవతల ఉన్నవాడు ఎప్పటికైనా వెనక్కి చేరే అవకాశం సగం. తొమ్మిది కూడళ్ల అవతల ఉంటే 512లో ఒకటి. కొంతకాలానికి ఏదో ఒక కొమ్మ పట్టుకుని, ఇక ఎన్నటికీ అందులోంచి బయటికి రాడు.

అల్ అహ్సా కాలువలకు అంతు ఉంది, నిజమే. చివరి మడి దగ్గర నడక వెనక్కి తిరుగుతుంది. దానికీ లెక్క కట్టాను. ప్రతి చోటా రెండుగా చీలే కాలువలో తొమ్మిది కూడళ్ల లోతున ఉన్నవాడు ఎటు పడితే అటు తిరుగుతూ మొదటికి చేరాలంటే సగటున 2,017 సార్లు కూడలి నుంచి కూడలికి కదలాలి. నీరటి కొడుకు చెప్పిన దారిలో తొమ్మిది.

ఆ అంకెలు రెండూ పక్కపక్కన రాసి చాలాసేపు చూశాను. మర్నాడు అతనికి ఆ కాగితం చూపించి తప్పు ఒప్పుకోవాల్సింది. చూపించలేదు. మడిచి ఒక పుస్తకంలో పెట్టాను.

ఆ పుస్తకం సంగతి కూడా చెప్పాలి. కె.ఆర్. పార్థసారథి 1967లో సంభావ్యత మీద రాసిన పుస్తకం అది. నేను సౌదీకి తెచ్చుకున్న ఒకే ఒక్క లెక్కల పుస్తకం. మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకున్న సి.ఆర్. రావు దగ్గర కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన కుర్రాళ్లలో పార్థసారథి ఒకరు. ఆయన, ఆర్. రంగారావు, తర్వాత 2007లో ఆబెల్ బహుమతి అందుకున్న ఎస్.ఆర్.ఎస్. వరదన్, ముగ్గురూ కలిసి 1963లో సమూహాల మీద, అంటే ఒకదాని వెంట ఒకటి వేసి మళ్లీ వెనక్కి తీయగల అడుగుల లెక్కల మీద, సంభావ్యత గురించి ఒక పెద్ద వ్యాసం రాశారు. వాళ్లు తీసుకున్నవి వినిమయ సమూహాలు, అంటే ఏ అడుగు ముందు వేసినా ఏది వెనక వేసినా ఫలితం మారనివి. తూర్పుకు రెండడుగులు వేసి ఉత్తరానికి ఒకటి వేసినా, ముందు ఉత్తరానికి వేసి తర్వాత తూర్పుకు వేసినా చేరేది ఒకే చోటికి. నా పుస్తకంలో వీటి మీద ఉన్న అధ్యాయాన్ని నేను ప్రేమించి చదివాను. అక్కడే ఆగిపోయాను.

వరుస మారితే ఫలితం మారే సమూహాలు వేరే ఉన్నాయి. వాటిలో స్వేచ్ఛా సమూహమని ఒకటుంది. దాని బొమ్మ గీస్తే చెట్టే వస్తుంది. అందులో వెనక్కి రావాలంటే ఒకటే పద్ధతి. ఆఖరున వేసిన అడుగును మొదట తియ్యాలి, దాని ముందుదాన్ని తర్వాత తియ్యాలి. లారీలో చివర ఎక్కించిన మూట ముందు దిగినట్టు. మధ్యలోది లాగితే రాదు. 1959లోనే హారీ కెస్టెన్ ఇలాంటి సమూహాల మీద నడిచేవాడు మొదటికి వచ్చే అవకాశం అడుగడుక్కీ రెట్లుగా పడిపోతుందని చూపించాడు. తర్వాత హిల్లెల్ ఫుర్‌స్టెన్‌బర్గ్ ఆ నడక చివరికి ఏ అంచుకు చేరుతుందో అర్థం చేసుకునే దారి వేశాడు. 2020లో ఆబెల్ బహుమతి ఆయనకూ మార్గులిస్‌కూ కలిపి ఇచ్చింది ఈ తోవలోని పనికే. ఇంకో మాట. కొద్ది రకాల అడుగులతోనే ప్రతి చోటికీ చేరగల సమూహాలన్నిటినీ తీసుకుంటే, తిరిగి రావడం ఖాయమయ్యేవి చాలా కొన్నే. పరిమితమైనవి, స్థూలంగా ఒక గీతలాంటివి, ఒక చదును నేలలాంటివి. 1980లలో వరోపూలోస్ దీన్ని తేల్చాడు. మిగతా లోకాలన్నిటిలో నడిచేవాడు చివరికి దూరమైపోతాడు. నేను ఉన్న లోకం ఆ కొన్నిట్లో ఒకటని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

అనుకున్నది ఆ ఒక్క శుక్రవారం కోసం కాదు. 2004లో బేగంపేట విమానాశ్రయం బయట నా భార్యతో "రెండేళ్లలో వచ్చేస్తా" అన్నాను. తను "ఎప్పుడు? నెల చెప్పండి" అంది. "వస్తాగా" అన్నాను. ఏజెంటుకు కట్టడానికి అప్పు చేశాను. అప్పు తీరకుండానే ఊరి పక్కన ప్లాటు కొన్నాను. ప్లాటు చూపించి ఇంటికి లోను తీశాను. లోను తీర్చడానికి జీతం ఎక్కువని, అక్కడి హామీదారు యజమాని అయిన కఫీల్‌ను మార్చాను, కొత్త అగ్రిమెంటు పడింది. ఇల్లు పూర్తయ్యే లోపు చెల్లెలి పెళ్లికి ఇంకో అప్పు. ఒక్కొక్కటీ తీసుకునేటప్పుడు ఇది ఎప్పుడైనా వదిలించుకోవచ్చనే అనుకున్నాను. విడిగా చూస్తే ప్రతిదీ అలాగే కనిపించేది. తిరిగి రావాలనుకున్నప్పుడు తెలిసింది, పెళ్లి అప్పు తీరనిదే అగ్రిమెంటు వదలలేను, అది వదలనిదే లోను సంగతి తేలదు, లోను తేలనిదే ప్లాటు అమ్మలేను.

పంపిన డబ్బు ఏ నెలలో పంపినా మొత్తం ఒకటే. డబ్బు లెక్క వినిమయ సమూహమే. అందుకే నాకు ఎప్పుడూ అంతా సరిగ్గానే కనిపించింది. మా అబ్బాయి సైకిలు నేర్చుకున్న ఏడాది, మా అమ్మ కళ్లు కనబడకుండా పోయిన ఏడాది, నా భార్య ఒక్కతే ఆపరేషనుకు సంతకం పెట్టుకున్న ఏడాది, ఇవి వరుస తప్పితే మళ్లీ దొరకవు. ఆ రెండేళ్లు పదిహేనేళ్లయ్యాయి. 2019లో ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని శంషాబాద్‌లో దిగాను. వచ్చింది కూడా గాలికి తిరిగి కాదు. చివరి మూడేళ్లు నా భార్య ఒక నోటుబుక్కులో కిందినుంచి పైకి రాసుకుంది, ఆఖరి అప్పు మొదట, మొదటి అప్పు ఆఖరున. ఆ వరుసలో ఒక్కొక్కటే కొట్టేస్తూ నన్ను ఇంటికి తెచ్చింది. తనకు సమూహాల సంగతి తెలియదు. నాకు తెలుసు, నేను ఆ పని చేయలేదు.

ఆ అబ్బాయి 2011లో వెళ్లిపోయాడు. అనుకున్న రెండేళ్లు అనుకున్నట్టే పూర్తిచేసి, కొత్త అగ్రిమెంటు వద్దని వెళ్లాడు. నాయన తర్వాత ఊళ్లో నీళ్ల పని తనే చూసుకుంటున్నాడని వాళ్ల ఊరివాడు ఒకతను చెప్పాడు. ఆ పాప ఇప్పుడు ఇంటరు వయసుకు వచ్చి ఉంటుంది.

తమ్ముడూ, ఇది నీ కంట పడితే ఒక్క మాట. ఆ రోజు దారి నీకు తెలుసు. నువ్వు రెండుసార్లు చెప్పావు, నేనే వినలేదు, మూడోసారి చెప్పనివ్వలేదు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, తొమ్మిదీ 2,017 రెండూ దాని మీద ఉన్నాయి. కేబిన్ బయట నిలబడి నేను అడగాల్సిన మాట ఒకటి అడగకుండా ఉండిపోయాను. పాపకు ఏం పేరు పెట్టారు?